జైలు పరిచర్య, న్యాయ సహాయ కమిటీ, చిత్తూరు: 2024–25 వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశంలో చదవాల్సిన నివేదిక ఇది. కమిటీ ఎందుకు పుట్టిందో మీకు కొత్తగా చెప్పనవసరం లేదు. ముందుగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ప్రతి ములాఖత్‌కు (జైల్లో ఖైదీని కలిసి మాట్లాడటానికి) ముందు ప్రార్థన చేసి పంపిన అయ్యగారికి, పాస్టరమ్మ గారికి, ఫీజు మాట ఎత్తకుండా వకాలతు వేసిన మన అడ్వకేట్లకు, అడిగినప్పుడల్లా వివరాలు వెతికిచ్చిన జిల్లా న్యాయసేవాధికార సంస్థ సిబ్బందికి, సబ్బులు, తువాళ్లు, లుంగీలు సమకూర్చిన స్త్రీల సమాజానికి, తమిళంలో ఉత్తరాలు రాసిపెట్టిన సహోదరికి, కిరాయి తీసుకోకుండా కోర్టుకు ఆటో తిప్పిన సహోదరుడికి వందనాలు. ఎవరి పేరైనా మరచిపోయి ఉంటే సభలోనే లేచి గుర్తుచేయండి, మినిట్స్‌లో చేరుస్తాం.

ఈ ఏడాది మన పని తీరును కొత్త చట్టం మార్చింది. 2024 జులై 1న పాత సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని విచారణ ఖైదీ (తీర్పు రాకముందే జైల్లో ఉన్నవాడు), తన మీద మోపిన నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం ఇప్పటికే లోపల గడిపి ఉంటే అతన్ని బెయిలుపై వదలాలని దాని 479వ సెక్షన్ చెబుతోంది. మిగిలినవారికి పాత లెక్కే, గరిష్ఠ శిక్షలో సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు రాయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుది. పాత కేసులకూ ఇదే వర్తిస్తుందని ఆగస్టు 23న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మర్నాటి నుంచి మన అడ్వకేట్లు రిమాండు తేదీలు ముందేసుకుని కూర్చున్నారు. మూడేళ్ల శిక్ష పడే దొంగతనం కేసులో ఏడాది దాటినా లోపలే ఉన్న ఒక కుర్రవాడికి తన కేసు నంబరే తెలియదు. తన అడ్వకేటు ఎవరో తెలియదు. అలాంటివారి వివరాలు రాసుకొచ్చి న్యాయసేవాధికార సంస్థకు అందించాం. అర్జీలు వేసింది వాళ్లు, పేరు కూడా వాళ్లకే వచ్చింది. రానివ్వండి. వివరాలు సేకరించింది మనవాళ్లని ఈ నివేదికలో ఉంటే చాలు.

ఎర్రచందనం కేసుల్లో మాత్రం ఈ సెక్షన్ అక్కరకు రావడం లేదు. ఒక మనిషి మీద ఒకటికి మించి కేసులు నడుస్తుంటే దీని కింద విడుదల లేదు. శేషాచలం అడవుల్లో పట్టుబడిన తమిళ కూలీకి ఒక కేసులో బెయిలు వచ్చేలోపు మరో స్టేషను నుంచి పీటీ వారెంటు (జైల్లో ఉన్నవాణ్ని ఇంకో కేసులో కోర్టుకు హాజరుపరచమనే ఉత్తర్వు) వచ్చేస్తుంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన విడుదల అలాంటి కూలీదే. అతనిది తిరువణ్ణామలై జిల్లా జవ్వాదు కొండల్లోని పల్లె. అన్ని కేసుల్లోనూ బెయిలు మంజూరైంది. అయినా నెలల తరబడి బయటికి రాలేదు. కారణం ఒక్కటే, జామీను, అంటే అతను వాయిదాలకు వస్తాడని కోర్టుకు పూచీ పడే మనుషులు. చిత్తూరులో అతనికి ఆస్తిపరులైన ఇద్దరు మనుషులు ఎక్కడ దొరుకుతారు? కోర్టు వరండాలో డబ్బు తీసుకుని జామీను నిలబడేవాళ్లు దొరకకపోరు. ఆ దారి తొక్కకూడదని కమిటీ మొదట్లోనే తీర్మానించుకుంది. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకం ఉంది, అప్పటి నిబంధనల ప్రకారం విచారణ ఖైదీ బెయిలుకు 40,000 రూపాయల వరకు ఇచ్చేవారు. డబ్బు కట్టమన్నచోట అది పనికొస్తుంది, మనిషిని తెమ్మన్నచోట ఏం చేస్తుంది?

మన అడ్వకేటు 1978 నాటి సుప్రీంకోర్టు మోతీరాం తీర్పు పట్టుకెళ్లారు. ఒక తాపీమేస్త్రీకి పదివేల రూపాయల జామీను అడిగి, అతని అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు తోసిపుచ్చితే, అది తప్పని జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పిన కేసు అది. స్థానిక జామీను కోసం పట్టుబట్టవద్దని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది కూడా. కోర్టు పూచీ మొత్తాన్ని తగ్గించి, ఊరి నుంచి వచ్చిన అతని బావమరిదిని ఒక జామీనుగా ఒప్పుకుంది. రెండో జామీనుగా మన సంఘ పెద్ద, రిటైరైన మాస్టారు తన ఇంటిపన్ను రసీదుతో నిలబడ్డారు. తీరా సాయంత్రం జైలు గేటు దగ్గర కొత్త చిక్కు. తమిళుల పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇంటిపేరు స్థానంలో ఉంటుంది కదా, రిమాండు వారెంటులో అది ఒకలా, విడుదల ఉత్తర్వులో మరోలా పడింది. దిద్దించుకుని వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. బావమరిది ఆ రాత్రి గుడి వరండాలోనే పడుకున్నాడు. పాస్టరమ్మ గారు అన్నం, చారు పంపారు. బయటికి వచ్చాక అతను మాస్టారి కాళ్లకు మొక్కబోతే ఆయన చెయ్యి పట్టుకుని లేపి, వాయిదాకు తప్పకుండా రమ్మని మాత్రం చెప్పారు. వచ్చాడు, వస్తూనే ఉన్నాడు.

ఇక చెప్పక తప్పని మాట. క్రిస్మస్‌కు జైల్లో కేకులు, పండ్లు పంచడానికి మనవాళ్లకు వ్యాను చాలలేదు. యౌవనస్థులు నిలబడే ప్రయాణించారు, సంతోషం. సోమవారం కోర్టుకు రమ్మంటే మాత్రం అందరికీ పనులే. జామీను అనగానే ‘కోర్టు గొడవలు మనకెందుకు’ అన్న పెద్దలూ ఉన్నారు. ముద్దాయి పారిపోతే పూచీ సొమ్ము జామీనుదారు నుంచి వసూలు చేస్తారు, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కాని మనం నిలబడిన ఏ కేసులోనూ ఇంతవరకు ముద్దాయి వాయిదా ఎగ్గొట్టలేదని కూడా గమనించాలి. జామీనుదారుకు ఆస్తి ఉందని చూపే సాల్వెన్సీ సర్టిఫికెట్ కోసం ఒక రెవెన్యూ కార్యాలయం మమ్మల్ని తిప్పిన తీరు గురించి రాయాలంటే ఇంకో నివేదిక కావాలి. ఒకరోజు సర్వరు లేదు, ఒకరోజు సారు లేరు. ఇద్దరూ ఉన్న రోజున సంతకం చేసే పెన్ను తప్ప అన్నీ ఉన్నాయి.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది. ఆడిటరు గారు చూసి సంతకం చేశారు. కానుకల్లో ఎక్కువ భాగం బస్సు చార్జీలకు, జిరాక్సులకు, కోర్టు స్టాంపులకు అయింది. మిగులు స్వల్పం. సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

వచ్చే ఏడాదికి మూడు విన్నపాలు. పట్టాదారు పాసుపుస్తకం గాని, సొంతింటి పన్ను రసీదు గాని ఉన్నవారు జామీను జాబితాలో పేరు ఇవ్వండి. తమిళం చదవగలిగినవారు ఇంకో ఇద్దరు కావాలి. మూడోది, కమిటీలో పేరుండి ఏడాదిగా ఒక్క సమావేశానికీ రాని సభ్యులు దయచేసి రాజీనామా ఇస్తే, ఆ స్థానాల్లోకి మాస్టారి లాంటివారిని తీసుకుంటాం. పేర్లు వచ్చే ఆదివారం ఆరాధన తరువాత నాకు గాని కోశాధికారికి గాని అందజేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి