పాటకూ సబ్‌టైటిల్ కావాలి

జాతి వివక్ష మీద తీసిన చిన్న సినిమాలు మన ఊళ్ల ఫిల్మ్ క్లబ్బుల దాకా వస్తున్నా, తెలుగు సబ్‌టైటిళ్లు లేక సగమే అర్థమవుతున్నాయి. ఈమధ్య మా క్లబ్బులో గురిందర్ చడ్ఢా తీసిన 'బ్లైండెడ్ బై ద లైట్' (2019) వేశారు. 1987 నాటి ఇంగ్లండ్‌లోని ల్యూటన్. వాక్స్‌హాల్ కార్ల ఫ్యాక్టరీలో తండ్రి ఉద్యోగం ఊడిన పాకిస్తానీ కుటుంబం. ఆ ఇంటి కుర్రాడు జావేద్‌కు తోటి సిక్కు విద్యార్థి ఇచ్చిన అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటల క్యాసెట్లే ఊపిరి. తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి అల్లరి పిల్లలు మూత్రం పోస్తుంటే, నేల పాడవకుండా ప్లాస్టిక్ పట్టా పరుచుకున్న ఇల్లు ఒకటి కనిపిస్తుంది. దానికి మాటలు అక్కర్లేదు. కానీ జావేద్ చెవిలో మోగే పాట పంక్తులు అక్షరాలుగా తెరమీద తిరుగుతూ కథ చెప్పే చోటే, ఇంగ్లిషు అంతంతమాత్రంగా వచ్చిన మా డిగ్రీ పిల్లలు ఫోన్లు తీశారు. వాళ్లనేం అనలేం, మన హాళ్లలో పాటంటే బయటికెళ్లి సమోసా తెచ్చుకునే వ్యవధి కూడా కదా! రేపు చదువుకని పరాయి దేశాలకు వెళ్లేది వీళ్లలోని వాళ్లే. విశ్వవిద్యాలయాల తెలుగు, ఇంగ్లిషు శాఖలు కలిసి, హక్కుదారుల అనుమతితో, ఏడాదికి రెండు మూడు సినిమాలకైనా పాటలతో సహా తెలుగు సబ్‌టైటిళ్లు రాయించాలి. పీజీ విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇచ్చినా సరిపోతుంది. ఖర్చులో కొంత రెండు రాష్ట్రాల చలనచిత్రాభివృద్ధి సంస్థలు పెట్టుకోవాలి.

– ఒక పాఠకుడు, తెనాలి