కూలీలో తేడా, అద్దె ఇంటికీ తిప్పలే

సంపాదకులకు,

పదకొండేళ్లుగా గుంటూరులో మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. ఎండాకాలమంతా చేతులు మంట, రాత్రి అన్నం కలుపుకోవాలన్నా భయమే. పక్కనే కూర్చుని అదే పని చేసే మగవాళ్లకు మాకంటే రోజుకు రెండొందలు ఎక్కువ. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. అడిగితే రేపటి నుంచి రావద్దంటారు.

మా ఆయన పోయాక ఇల్లు దొరకడం ఇంకా కష్టమైంది. ‘మగతోడు లేదా?’ అంటూ నాలుగు ఇళ్లవాళ్లు వెనక్కి పంపారు. ఇప్పుడున్న రేకుల గదికి గడియ కూడా సరిగా పడదు. పదో తరగతి చదివే కూతుర్ని అందులో వదిలి తెల్లవారుజామునే పనికెళ్లాలంటే ఒకటే టెన్షన్.

కార్మిక శాఖ వాళ్లు మేం పని చేసే చోటికే వచ్చి కూలీ లెక్కలు చూడాలి. ఒంటరి ఆడవాళ్లు పిల్లలతో ఉండేలా తక్కువ అద్దెకు హాస్టల్ కట్టించాలి.

– ఒక మిర్చి కూలీ, గుంటూరు