బానెట్ లాక్ విషయంలో మా షెడ్డు తప్పు, ఇప్పుడు మార్చుకున్న పద్ధతి

మన షెడ్డుకు వచ్చే అందరికీ నమస్కారం. ఈ వేసవి మొదలు దసరా వరకు మా దగ్గర కారు సర్వీసు చేయించుకున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మీ బండి బానెట్ లాక్ నేను మళ్లీ ఒకసారి విప్పి చూడాలి. దానికి ఒక్క రూపాయి కూడా తీసుకోను, ఎందుకంటే తప్పు మాది.

జరిగింది చెబుతాను. గార నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు మా నాన్నగారి రోజుల నుంచీ మా షెడ్డుకే వస్తారు. ఆగస్టులో ఆయన కారుకు జనరల్ సర్వీసు చేసి పంపాం. నెల తిరక్కుండా ఫోన్ చేశారు. "ఏటి బాబూ, బానెట్ లీవరు లాగితే కిర్రుమంటోంది గానీ తెరుచుకోవట్లేదు" అన్నారు. వీలు చూసుకుని తీసుకురండి మాస్టారూ, చూద్దాం అన్నాను. చేతిలో నాలుగు బళ్లున్నాయి, చిన్న పనే కదా అనుకున్నాను. ఆ రోజే వెంటనే రమ్మని ఉండాల్సింది.

తర్వాతి వారం ఆయన ఎలాగో తంటాలు పడి బానెట్ తెరిచి, అద్దం కడిగే నీళ్లు పోసుకుని మూసేశారు. మూసుకున్నట్టే కనిపించింది. మర్నాడు మనవరాలిని తీసుకుని నరసన్నపేట బయల్దేరారు. మడపాం దగ్గర హైవే మీద 60 స్పీడులో ఉండగా బానెట్ టక్కున బెత్తెడు పైకి లేచి, గాలికి దడదడ కొట్టుకోవడం మొదలెట్టింది. ఆయన సడన్ బ్రేకు వేయలేదు. పార్కింగ్ లైట్లు వేసి, మెల్లగా ఎడమ పక్కకు తీసుకుని ఆపారు. లోపల రెండో కొక్కెం ఒకటుంటుంది. అది పట్టుకుని ఉండబట్టి బానెట్ మొత్తం లేచి అద్దం మీద పడలేదు. ఆ కొక్కెం కూడా పట్టి ఉండకపోతే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు.

ఆయన నన్ను తిట్టలేదు. కారు షెడ్డు ముందు ఆపి, తాళం నా చేతిలో పెట్టి, "నువ్వే చూడు నాయనా" అన్నారు.

కుర్రాళ్లకు ఇవ్వకుండా నేనే విప్పాను. 10 నంబరు బోల్టులు తీసి లాక్ బయటకు లాగితే చెయ్యంతా నల్లగా జీడిపాకంలా సాగింది. రెండు పొరల గ్రీజు ఉంది అక్కడ. పైన ఆగస్టులో మేం పెట్టింది, దాని కింద ఎన్నో ఏళ్ల పాతది. ఆ పాతదాన్ని వేళ్ల మధ్య నలిపితే ఇసుక నూకలా గరగరమంది. స్ప్రింగు దగ్గర ఆ ముద్దలో నీటి చుక్కలు ఇంకా ఉన్నాయి, స్ప్రింగు కొస ఎర్రగా తుప్పు పట్టింది. అంటే మేం మురికి తీయకుండా దాని మీదే కొత్త గ్రీజు మెత్తాం. ఆ తర్వాత వాటర్ సర్వీసుకు పెట్టి ప్రెషర్ గన్‌తో ముందు గ్రిల్లులోకి నేరుగా నీళ్లు కొట్టాం. ఆ నీళ్లు గ్రీజు వెనక చేరి, బయటకు రాలేక అక్కడే ఉండిపోయాయి.

ఆ పని చేసింది మా కుర్రాడు. నేర్పింది మాత్రం నేను. వేలితో ఇంత గ్రీజు తీసి లాక్ మీద రాసెయ్యరా అని చెప్పింది నేనే. కాబట్టి వాడినెవరూ ఏమీ అనకండి.

అసలు ఆ లాక్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ఇంత చిన్న మురికి అంత పని ఎలా చేసిందో అర్థమవుతుంది. మన ఇంటి తలుపు గడియ లాంటిదే. బానెట్ అడుగున గట్టి ఇనుప కమ్మీ ఒకటి ఉంటుంది. బానెట్ కిందికి పడగానే ఆ కమ్మీ లాక్‌లో ఉన్న నాలుకను నొక్కుతుంది, నాలుక తిరిగి కమ్మీని పట్టుకుంటుంది, పక్కనున్న చిన్న పళ్లెం ఆ నాలుక వెనక్కి పోకుండా అడ్డం పడుతుంది. మీరు స్టీరింగ్ కింద లీవరు లాగితే కేబుల్ ఆ పళ్లేన్ని పక్కకు జరుపుతుంది. వదలగానే స్ప్రింగు దాన్ని మళ్లీ యథాస్థానానికి తేవాలి. మురికి ముద్దకట్టి ఉంటే స్ప్రింగు బలం చాలదు. పళ్లెం సగంలోనే ఆగిపోతుంది. అప్పుడు రెండు రకాలుగా జరుగుతుంది: లీవరు లాగినా తెరుచుకోదు, లేదా మూసినా పూర్తిగా పట్టదు. మాస్టారి బండికి నెల వ్యవధిలో రెండూ జరిగాయి.

లాక్ బిగుసుకుంటే ఇంకో నష్టం ఉంది. బానెట్ తెరవడం కష్టమైతే మనం తెరవడమే మానేస్తాం. ఇంజిన్ ఆయిల్ చూడం, కూలెంట్ చూడం. మాస్టారి కారులో డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ కింది గీత దగ్గరకొచ్చింది. గడియ సరిగా ఉంటే ఆయన ఎప్పుడో చూసుకునేవారు.

మన శ్రీకాకుళం జిల్లాలో బళ్లన్నీ ఒకలా పాడవ్వవు. గార, కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి వచ్చేవాటిలో ఉప్పుగాలి వల్ల స్ప్రింగు, కేబుల్ కొసలు తుప్పు పడతాయి. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల దగ్గర తిరిగే బళ్లలో తుప్పు తక్కువే గానీ బూడిదరంగు పొడి గ్రీజులో కలిసి సానపట్టే ముద్దలా తయారై నాలుక అంచునే అరగదీస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ తర్వాత మా షెడ్డుకొచ్చిన బళ్లలో బిగుసుకున్న బానెట్లు చాలా చూశాను. అప్పుడే ఈ పద్ధతి మార్చుకుని ఉండాల్సింది. అప్పట్లో ఏ బండికా బండి బాగుచేసి పంపేశాను తప్ప, సర్వీసులో మేం చేసే పనిలోనే లోపముందేమో అని ఆలోచించలేదు.

ఇక ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, ముందు వాటర్ సర్వీసు, బండి ఆరాకే లాక్ పని. ఇదివరకు దీనికి తలకిందులుగా చేసేవాళ్లం. లాక్ మీద మురికి వదిలించే స్ప్రే కొట్టి పావుగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మూలమూలలా తోమి, గుడ్డతో తుడుస్తాం. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలని మా కుర్రాళ్లకు గట్టిగా చెప్పాను. తర్వాత కంప్రెసర్ గాలితో ఆరబెట్టి, నాలుక తిరిగే ఇరుసు దగ్గర, కమ్మీ ఆనే చోట తెల్ల లితియం గ్రీజు పల్చగా రాస్తాం. బఠాణీ గింజంత చాలు. కేబుల్ లోపలికి పల్చటి ఆయిల్ నాలుగు చుక్కలు వేస్తాం. కొక్కెం చేత్తో పదిసార్లు ఆడించి, వదిలిన ప్రతిసారీ స్ప్రింగు దానంతట అదే వెనక్కి తెస్తోందా లేదా చూస్తాం.

ఆఖరి పరీక్ష మీరు కూడా ఇంట్లో చేసుకోవచ్చు. బానెట్ తెరిచి ఉంచే, ఒక పెద్ద స్క్రూడ్రైవర్ కాడతో లాక్ నాలుకను కిందికి నొక్కండి. టక్కుమని పట్టాలి. తర్వాత లోపలి లీవరు లాగితే చటుక్కున విడవాలి. ఇలా రెండు మూడుసార్లు చేసి, విడిచాకే బానెట్ మూయండి. నాలుక పట్టి ఉండగా మూయబోతే కమ్మీ దాని మీద కొట్టుకుని రెండూ దెబ్బతింటాయి.

స్ప్రే గురించి ఒక మాట. చాలామంది డబ్ల్యూడీ 40 కొట్టేసి అయిపోయిందనుకుంటారు. ఆ పేరులోనే ఉంది, డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, అది నీటిని తరిమేందుకు 1953లో తయారుచేసిన మందు, 40వ ప్రయత్నానికి కుదిరింది కాబట్టి ఆ అంకె. మురికి వదిలించడానికి, తుప్పు సడలించడానికి బాగా పనికొస్తుంది. కానీ ఆ పల్చటి పొర ఎక్కువ కాలం నిలవదు. దాంతో కడిగాక గ్రీజు పెట్టాల్సిందే. కొబ్బరినూనె వద్దు. ఉద్దానం నుంచి వచ్చే మన కస్టమర్లు ఇద్దరు ముగ్గురు తలుపు బందులకు వేసినట్టు కొబ్బరినూనె వేశారు, కొన్నాళ్లకు అది జిగురై దుమ్ము పట్టింది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ కూడా వద్దు. అందులో ఇంజిన్ మసి అంతా ఉంటుంది.

బానెట్ ఇప్పటికే బిగుసుకుపోయి ఉంటే లీవరును రెండు చేతులతో పీకకండి. కేబుల్ కొస తెగితే పని పెద్దదవుతుంది. ఇంట్లో ఇంకొకరిని పిలిచి, లాక్‌కి సరిగ్గా పైన, బానెట్ ముందు అంచు మీద అరచేతులు పెట్టి కిందికి నొక్కి ఉంచమనండి. ఆ సమయంలో మీరు లీవరు లాగండి. నొక్కినప్పుడు నాలుక మీద బరువు తగ్గుతుంది కాబట్టి చాలాసార్లు విడిచేస్తుంది. లీవరు దగ్గరే కేబుల్ తెగితే, లోపలి తీగ కొస కనిపిస్తుంటే కటింగ్ ప్లేయరుతో మెల్లగా లాగొచ్చు. అదీ రాకపోతే నాకు ఫోన్ చేయండి. గ్రిల్లు సందులోంచి ఇనుప చువ్వ పెట్టి పొడవకండి, వెనకే రేడియేటర్ ఉంటుంది.

కిర్రుమనే శబ్దం అన్నిసార్లూ లాక్ నుంచే రాదు. తెరిచేటప్పుడు వస్తే చాలావరకు అద్దం దగ్గరుండే బందులది. గతుకుల్లో నడుస్తుంటే కీచుకీచుమంటే బానెట్ రెండు మూలల్లో ఉండే రబ్బరు బుడిపెలు చూడండి. వాటికి గ్రీజు రాయకూడదు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. తడిగుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొడితే చాలు. చాలా బళ్లలో అవి మర్రల మీద ఉంటాయి, తిప్పితే ఎత్తు మారుతుంది. మరీ పైకి ఉంటే బానెట్‌ను ఎప్పుడూ పైకి తన్నుతూ లాక్ మీద బరువు పెంచుతాయి, లీవరు గట్టిపడుతుంది. మరీ కిందికి ఉంటే బానెట్ లొడలొడలాడుతుంది. మాస్టారి బండికి కుడి బుడిపె రెండు చుట్లు ఎక్కువ పైకి ఉంది. అది దించగానే లీవరు సగం తేలికైంది.

మూసేటప్పుడు జానెడు, జానెడున్నర ఎత్తు నుంచి వదిలేయండి, దాని బరువుకే పడుతుంది. మధ్యలో చేత్తో అదిమితే రేకు సొట్టపోతుంది. మూశాక ముందు అంచు పట్టుకుని ఒకసారి పైకి లాగి చూడండి. కదిలితే పట్టనట్టే. డ్యాష్‌బోర్డులో బానెట్ లైటు లేని బళ్లకు ఇదొక్కటే పరీక్ష.

ఇక డబ్బుల సంగతి. ఇక నుంచి ప్రతి సర్వీసులో లాక్ పని ఉచితం. సర్వీసు లేకుండా ఆ ఒక్క పనికే వచ్చేవాళ్లకు 150 రూపాయలు. నాలుక అరిగినా, స్ప్రింగు సాగినా, కేబుల్ తీగ చీలినా మార్చాల్సిందే, గ్రీజుతో సర్దను. స్పేర్ పార్టు బిల్లు మీకే ఇస్తాను, దాని మీద ఏమీ కలపను, కూలి మాత్రం తీసుకుంటాను. పైన చెప్పిన నెలల్లో మా దగ్గర సర్వీసు చేయించుకున్నవాళ్లకు ఆ కూలి కూడా లేదు. మాస్టారి లాక్, కేబుల్ రెండూ మా ఖర్చుతోనే కొత్తవి వేశాం.

ఈ పని వల్ల ఒక్కో బండి ముప్పావుగంట ఎక్కువ మా దగ్గర ఉంటుంది. సాయంత్రం నాలుక్కి ఇస్తానన్నది ఐదవుతుంది. దయచేసి ఓపిక పట్టండి. తొందరపెడితే కుర్రాళ్లు మళ్లీ పాత పద్ధతిలోకి పోతారు, అది నాకు ఇష్టం లేదు.

సర్వీసు పుస్తకం తీసి చూస్తే ఆ నెలల్లో 61 బళ్లు ఉన్నాయి. ఇప్పటికి 38 మందికి ఫోన్ చేశాను, 22 బళ్లు వచ్చి వెళ్లాయి. వాటిలో ఐదింటికి మాస్టారి బండిలో ఉన్నట్టే గ్రీజు కింద నీళ్లు కనిపించాయి. మిగిలిన 23 మందిలో కొందరి నంబర్లు కలవట్లేదు. ముఖ్యంగా ఆమదాలవలస నుంచి వచ్చిన తెల్ల వ్యాను, జూన్ చివర్లో చేశాం, వెనక అద్దం మీద అరసవల్లి సూర్యనారాయణ స్వామి స్టిక్కర్ ఉంటుంది. ఆ బండి స్కూలు పిల్లల్ని తీసుకెళ్తుందని చెప్పినట్టు గుర్తు. ఎవరికైనా తెలిస్తే వాళ్లకు ఈ సంగతి చెప్పండి. వాళ్లు రాలేకపోతే నేనే సామాను తీసుకుని వస్తాను, ఆదివారమైనా సరే.