చన్నపట్నంతో పోల్చండి, అయితే అంచె పక్కన అంచె పెట్టి

సంపాదకులకు నమస్కారం.

ఏటికొప్పాక బొమ్మల మాట రాగానే విశాఖలో తరచూ వినిపించే ప్రశ్న: "కర్ణాటకలోని చన్నపట్నం లక్క బొమ్మలతో అంత పేరు తెచ్చుకుంది, మనవాళ్లెందుకు వెనకబడ్డారు?" పోల్చడం మంచిదే. కానీ దుకాణాలు, అమ్మకాలు లెక్కపెట్టి ఊరుకుంటే పనివాడికి ఒరిగేదేమీ లేదు. రెండుచోట్లా కర్ర ఒకటే. మనం అంకుడు అంటాం, కన్నడిగులు ఆలె మర అంటారు. లక్కా ఒకటే, మెరుగు పెట్టే మొగలి ఆకూ ఒకటే. తేడా తెలియాలంటే కర్ర ఆరబెట్టడం దగ్గర్నుంచి పూత దాకా ఒక్కో అంచెనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ముందు రంగుల సంగతి. ఏటికొప్పాకలో, వరాహ నది ఒడ్డున సహజ రంగులు ఏనాటి నుంచో తెగకుండా వస్తున్నాయని చాలామంది అనుకుంటారు. నడుమ రసాయన రంగులు వచ్చి వాటిని పక్కకు నెట్టేశాయి. చింతలపాటి వెంకటపతి రాజు గారు చెట్ల రంగులను మళ్లీ వెతికి, లక్కతో కలిసేలా ఎన్నో ప్రయోగాలు చేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2017 నాటి భౌగోళిక గుర్తింపు గురించి, 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ వెళ్లిన మన బొమ్మల శకటం గురించి గర్వంగా చెప్పుకుంటున్నాం. ఆ గర్వంలో ఈ ప్రయోగాల వాటా చిన్నది కాదు.

ఆ ప్రయోగాలు ఎందుకు కష్టమో ఎరుపు రంగునిచ్చే మంజిష్ఠ మొక్కను చూస్తే తెలుస్తుంది. వేరు ఉడికిస్తే రంగు నీళ్లలోకి దిగుతుంది, లక్కేమో నీళ్లతో కలవదు. అందుకని ఆ నీళ్లలో పటిక కరిగించి, కొద్దికొద్దిగా సోడా కలిపి రంగును అడుగుకు దించాలి. వడగట్టి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, కాటుకలా నూరాలి. తడి మిగిలితే వేడి లక్కలో ఆవిరై పూత నిండా గుంటలు పడతాయి. పొడి గరుకుగా ఉంటే గీతలు పడతాయి. లక్క సుమారు 70–75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. కుంపటి మీద ఎక్కువసేపు ఉంచితే గట్టిపడిపోయి మళ్లీ కరగదు, ఇక ఆ ముద్ద పారేయాల్సిందే. ఇంత సున్నితమైన పనిలో 100 గ్రాముల లక్కకు ఎన్ని గ్రాముల పొడి పడిందో రాసి పెట్టుకోకపోతే, నచ్చిన ఎరుపు మళ్లీ రాదు. పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు మొదటి బొమ్మకూ చివరి బొమ్మకూ రంగు తేడా వచ్చేది ఇక్కడే. చేతి అంచనా గొప్పదే, దాని పక్కన ఒక తూకం, ఒక నోటుపుస్తకం ఉంటే దాని విలువేమీ తగ్గదు.

ఇక పరీక్షలు. బొమ్మల భద్రతకు పెట్టిన భారత ప్రమాణం ఐఎస్ 9873 మూడో భాగం ప్రకారం పూత నుంచి కరిగి వచ్చే సీసం కిలోకు 90 మిల్లీగ్రాములు దాటకూడదు. 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి అయినా, నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు వాడుకదారులకు మినహాయింపు ఉంది. మినహాయింపు ఉంది కదా అని పరీక్ష మానుకోవడం మాకు సరిగా తోచదు. పసిపిల్ల లక్కపిడత తీసి ముందు నోట్లోనే పెట్టుకుంటుంది.

కర్ర విషయంలో మనకున్న చిక్కు సముద్రపు గాలి. కర్ర ఆరేటప్పుడు వలయాల వెంట కుదింపు, మధ్య నుంచి అంచుకు వచ్చే కుదింపు కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. అందుకే పచ్చి కర్రతో చేసిన కుంకుమ భరిణె కొన్నాళ్లకు కోలగా మారి, మూత ఒకవైపు పట్టేస్తుంది. ఎండలో తొందరగా ఆరబెడితే కొనలు పగులుతాయి. కొనలకు మైనం పూసి, నీడలో నెలల తరబడి ఉంచాలి. భరిణెను ముందు కాస్త లావుగా దించి, కొన్ని వారాలు ఆగి, రెండోసారి తరిమెన (కర్రను తిప్పి చెక్కే లేతు) పడితే మూత నిలుస్తుంది. ఆగిన ఆ వారాలకు పెట్టుబడి ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. సబ్సిడీ అంటే కరెంటు లేతు ఒక్కటే గుర్తొస్తోంది. తిరిగే బొమ్మకు లక్క ముద్దను అదిమి పూత పూస్తారు కాబట్టి, లేతు వేగం మితిమీరితే రాపిడి వేడికి లక్క మాడి రంగు నల్లబడుతుంది. వేగం తగ్గించే ఏర్పాటు లేని యంత్రం పూత పనికి తగదు.

మూతల సంగతిలో, ఒకదానిలో ఒకటి ఇమిడే రష్యా మత్ర్యోష్కా బొమ్మనూ చూడాలి. అది 1890లలో పుట్టింది. జపాన్ బొమ్మను చూసి చేశారని చెబుతారు. 1900లో పారిస్ ప్రదర్శనలో పతకం తెచ్చుకుంది, ఇప్పుడది రష్యా సంప్రదాయం. ఆ పనిలో అన్నిటికంటే చిన్న బొమ్మను ముందు చేసి, దాని కొలతకు పై బొమ్మ తొలుస్తారు. మన భరిణె మూతల పనివాళ్లకు ఇది పనికొచ్చే పాఠం.

అధికారులకు మా మనవి రెండే. అంకుడు నరికిన మోడు మళ్లీ చిగురిస్తుంది. పంచాయతీ బంజర్లలో నాటించి వంతులవారీగా నరికే హక్కు కళాకారుల సంఘాలకు ఇవ్వండి. అలాగే విశాఖలో ఈ బొమ్మలమ్మే ప్రతిచోటా పెట్టెలో తెలుగు చీటీ ఒకటి పెట్టించండి: శానిటైజర్, సబ్బు నీళ్లు లక్కను కరిగిస్తాయి, పసుపు రంగు ఎండకు వెలుస్తుంది, పొడిగుడ్డతోనే తుడవాలి.

భవదీయులు,
కొయ్య చేతిపనుల అభిమానులం,
మధురవాడ, విశాఖపట్నం