ఆ కంపెనీ బుకింగులు ఎందుకు ఆపేశానంటే: మన షాపులో బండి కొన్నవాళ్ళకు

"అన్నా, బోర్డు తీసేసినవట, షాపు మూసేస్తున్నవా?" పది రోజులుగా ఇదే ఫోన్. నర్సంపేట నుంచి ఒకరు, జనగామ నుంచి ఒకరు, ఇక్కడ నయీంనగర్‌లోనే పక్క వీధి నుంచి ఇంకొకరు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాస్తే మేలని ఇది రాస్తున్నాను.

షాపు మూయడం లేదు. తీసింది ఒక కంపెనీ బోర్డు. 2021 దసరాకు ఏ కంపెనీ ఎలక్ట్రిక్ స్కూటర్లతో హనుమకొండలో ఈ షాపు తెరిచానో, ఆ కంపెనీ కొత్త బుకింగులు ఇక తీసుకోవడం లేదు. ఆ బండ్లు మన దగ్గర కొన్నవాళ్ళు 312 మంది ఉన్నారు. మీ సర్వీసు ఇక్కడే, ఇదే షెడ్డులో జరుగుతుంది. అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్న తొమ్మిది మందికి డబ్బు వాపసు ఇచ్చేశాను. కంపెనీ దగ్గర నా డిపాజిట్ ఇంకా ఉంది. అది నాకూ వాళ్ళకూ మధ్య విషయం, దాని భారం మీ మీద పడదు.

కానీ ఎందుకిలా అయిందో మీకు చెప్పాల్సిన బాధ్యత నాకుంది. మీలో సగం మంది కంపెనీ పేరు చూసి కొనలేదు, నన్ను చూసి కొన్నారు.

పరకాల దగ్గర నుంచి పాలు పోసే ఒకాయన ఉన్నారు. ఆయన బండి కంట్రోలర్ కాలిపోయింది. కంట్రోలర్ అంటే బ్యాటరీకి, మోటార్‌కి మధ్య కూర్చుని కరెంటు ఎంత పంపాలో చూసుకునే పెట్టె. ట్రాలీ ఆటోలో బండి తెచ్చి దింపారు. వారంటీలో ఉంది, క్లెయిమ్ పెట్టాం. 71 రోజులకు పార్ట్ వచ్చింది. ఆయన్ని రమ్మని చెప్పి, ఆయన ముందే డబ్బా విప్పాను. వైర్లను కలిపే ప్లగ్గు, అంటే కప్లర్, పట్టలేదు. పాత కంట్రోలర్‌కు ఆరు పిన్నుల కప్లర్, కొత్తదానికి తొమ్మిది పిన్నులు. పార్ట్ నంబర్ మాత్రం రెండింటికీ ఒకటే. అనుమానం వచ్చి, అదే మోడల్, అదే సంవత్సరం బండి ఇంకొకటి షెడ్డులో ఉంటే దాని సీటు కింద కూడా విప్పి చూశాను. చక్రం మధ్యలోనే ఉండే హబ్ మోటార్ నుంచి వచ్చే ఐదు సన్న వైర్లలో రెండింటి రంగులు వేరు. బయటి నుంచి చూస్తే కవల పిల్లల్లాంటి బండ్లు, లోపల దేని దారి దానిదే. పాలాయన ఏమీ అనలేదు. "ఇంకెన్ని రోజులు పడ్తదన్నా?" అని మాత్రం అడిగారు. ఆయన 71 రోజులుగా బాడుగ ఆటోలో పాలు పంపుతున్నారు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా నాన్న కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు. నా చిన్నప్పుడు ఒకసారి నలభై జంపఖానాల ఆర్డరు వచ్చింది. ముప్పై నేసేసరికి ఎర్ర నూలు అయిపోయింది. మళ్ళీ రంగు అద్దించి మిగతా పది నేశారు. తీసుకోవడానికి వచ్చినాయన నలభై ఎండలో పరిపించి, ఆ పది పక్కన పెట్టేశాడు. నేత బాగుంది, అంచు బాగుంది, ఎరుపు ఒక్క పాలు తేడా. నాన్న ఒక్క మాట వాదించలేదు. మొదటిది నేయడం పనితనమని, నలభయ్యోది మొదటిదాని పక్కన పరిచినా తేడా తెలియకుండా నేయడం అసలు పనితనమని ఆయన ఎప్పుడూ అనేవారు. ఆ రెండు బండ్ల వైర్లు చూస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పది జంపఖానాలే.

2022లో కంపెనీ వాళ్ళు డీలర్లందరినీ ఫ్యాక్టరీకి పిలిచారు. అప్పుడే నేను అర్థం చేసుకోవాల్సింది. వెనక యార్డులో ప్లాస్టిక్ కవర్లు కప్పిన బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. రెండు వందలకు తక్కువ ఉండవు. ఇన్ని స్టాకున్నాయా అని సంబరపడ్డాను. దగ్గరికెళ్ళి కవరెత్తి చూస్తే హ్యాండిల్ మధ్యలో మీటర్ డిస్‌ప్లే ఉండాల్సిన చోట బొక్క ఉంది. డిస్‌ప్లే సప్లయర్ ఇవ్వలేదట. మోటార్ ఉంది, బ్యాటరీ ఉంది, టైర్లున్నాయి, వాటన్నిటికీ పైసలు కట్టేశారు. ఒక్క పార్ట్ లేక ఒక్క బండీ గేటు దాటలేదు. ఇలాంటి ఫ్యాక్టరీకి ఆర్డర్లు పెరిగేకొద్దీ లాభం రాదు, యార్డులో ఇరుక్కున్న డబ్బు పెరుగుతుంది. ఆ ఒత్తిడిలోనే ఎవరి దగ్గర సరుకుంటే వాళ్ళ దగ్గర కంట్రోలర్ కొన్నారు, ఎవరిస్తే వాళ్ళ కప్లర్ బిగించారు. ఆ మార్పును పార్ట్ నంబర్‌లోకి ఎక్కించలేదు. పరకాల ఆయన ఎదురుచూసిన 71 రోజులకు మూలం అక్కడుంది.

దీనికి సబ్సిడీ సంగతి తోడైంది. ఎలక్ట్రిక్ బండ్ల కోసం కేంద్రం పెట్టిన ఫేమ్-2 పథకంలో సబ్సిడీని కంపెనీ ముందే ధరలో తగ్గించి మీకిచ్చేది, తర్వాత కేంద్రం నుంచి రాబట్టుకునేది. అంటే కొన్ని నెలల పాటు ఆ డబ్బు కంపెనీ తన జేబులోంచి పెట్టుకోవాలి. విడిభాగాలు మన దేశంలో తయారైనవై ఉండాలన్న నిబంధన పాటించారో లేదో అని 2022లో విచారణ మొదలై, కొన్ని కంపెనీల క్లెయిములు ఆగిపోయాయి. ఆ తర్వాత 2023 జూన్ 1 నుంచి బ్యాటరీ సైజును బట్టి కిలోవాట్ అవర్‌కు 15,000 రూపాయలున్న సబ్సిడీని 10,000కు తగ్గించి, బండి ఫ్యాక్టరీ ధరలో 40 శాతం దాకా ఉన్న పరిమితిని 15 శాతానికి దించారు. లక్ష రూపాయల బండి మీద 40,000 దాకా వచ్చే చోట 15,000 మించి రాదన్నమాట. ఆ మే నెలాఖరులో షాపు ముందు క్యూ కట్టారు, జూన్‌లో రోజుకు ఒక్కరు కూడా రాలేదు. సబ్సిడీ తగ్గడం తప్పని నేను అనను. అది ఎప్పటికీ ఉంటుందని లెక్కలేసుకున్న కంపెనీలదే పొరపాటు. ఆ లెక్క నమ్మి గోదాం అద్దెకు తీసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

నిజామాబాద్ ఘటన మీకు గుర్తుండే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన ప్రాణం పోయింది. ఆ ఏడాది ఇలాంటి ప్రమాదాల తర్వాతే బ్యాటరీ భద్రత నిబంధనలు గట్టిచేశారు. ఆ నిబంధనల పేరు ఏఐఎస్-156, అందులో చేసిన మార్పులు 2022 డిసెంబర్ నుంచి ఒక విడత, 2023 మార్చి ఆఖరు నుంచి రెండో విడత అమల్లోకి వచ్చాయి. చాలా మంచి పని జరిగింది. కానీ బ్యాటరీలో ఉండే చిన్న సెల్స్ బయటి నుంచి తెచ్చి, వాటిని కలిపే ప్యాక్ ఇంకొకరితో కట్టించుకుని, పైన స్టిక్కర్ వేసుకునే కంపెనీలకు ప్యాక్ మళ్ళీ డిజైన్ చేయడం చేతకాలేదు. వారంటీ దాటిన ఒక ప్యాక్‌ను నేను షెడ్డులో విప్పాను. 60 వోల్టుల ప్యాక్, 16 సెల్ గ్రూపులు వరసగా ఉంటాయి. పదిహేను గ్రూపులు 3.7 వోల్టుల దగ్గర నిలబడ్డాయి, ఒకటి మాత్రం 3.1 దగ్గర పడిపోయింది. వరసలో ఉన్న సెల్స్‌లో అన్నిటికంటే నీరసంగా ఉన్నది ఎక్కడ ఆగితే బండి అక్కడే ఆగుతుంది. కట్టే ముందు సెల్స్‌ను కొలిచి, సమానమైనవాటిని జతచేసే ఓపిక లేనప్పుడు ఇలాగే అవుతుంది.

మన కంపెనీ ఒక్కటే ఇలా అయిందా అంటే కాదు. చాలా పెద్దవాళ్ళే ఈ బురదలో దిగబడ్డారు. అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ టెస్లా 2017 జులైలో మోడల్ 3 మొదటి కార్లు ఇచ్చింది. ఆ ఏడాది చివరికి వారానికి 5,000 చేస్తామని చెప్పింది. జులై నుంచి సెప్టెంబర్ దాకా మూడు నెలల్లో తయారైనవి 260. అన్నీ రోబోలతోనే చేయించాలని చూసి, అది పొరపాటని కంపెనీ అధిపతి మస్క్ 2018 ఏప్రిల్‌లో తానే ఒప్పుకున్నారు. నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. బ్యాటరీ ప్యాక్ మీద ఫైబర్‌గ్లాస్ షీట్లు పరిచే రోబో ఒకటి ఉండేదట. మెత్తటి షీటును రోబో చెయ్యి పట్టుకోలేక లైను మాటిమాటికీ ఆగేది. ఇంతకీ ఆ షీటు ఎందుకని మస్క్ బ్యాటరీ వాళ్ళను అడిగితే శబ్దం తగ్గడానికన్నారు. శబ్దం చూసేవాళ్ళను అడిగితే మంటల భద్రతకన్నారు. షీటుతో ఒకసారి, లేకుండా ఒకసారి రికార్డు చేసి చూస్తే శబ్దంలో తేడా తెలియలేదు. షీటే తీసేశారు. ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ ఆవరణలో పెద్ద టెంటు వేసి ఇంకో లైను నడిపి, 2018 జూన్ ఆఖరి వారానికి 5,000 అందుకున్నారు. అన్నేళ్ళు పెట్టుబడిదారులు వెంట నిలబడ్డారు కాబట్టి బతికారు. ఆ ఊపిరి అందరికీ దొరకదు.

ఫిస్కర్ అనే ఇంకో అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ కథ దీనికి అటు వైపుది, మీ పరిస్థితికి దగ్గరిది. సొంత ఫ్యాక్టరీ జోలికే పోకుండా, ఆస్ట్రియాలో ఇతర కంపెనీలకు కార్లు చేసిపెట్టే మాగ్నా వాళ్ళతో కార్లు చేయించింది. కార్లు తయారయ్యాయి కూడా. 2023లో పదివేల పైచిలుకు తయారైతే, కొన్నవాళ్ళ చేతికి వెళ్ళినవి అందులో సగానికి అటూ ఇటూ. అమ్మే ఏర్పాటు, స్పేర్లు, సర్వీసు, సాఫ్ట్‌వేర్ ఏదీ వేగం అందుకోలేదు. 2024 జూన్‌లో దివాలా తీసింది. ఆ తర్వాత కొన్నవాళ్ళే సంఘం పెట్టుకుని స్పేర్ల కోసం తిరగాల్సి వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మీ 312 మంది గుర్తొచ్చారు.

మన దేశంలో నాకు నేర్పింది ఎక్కువగా ఏథర్ అనే ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ. 2013లో ఐఐటీ మద్రాస్‌లో చదివిన ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెడితే, మొదటి బండి రోడ్డెక్కింది 2018లో. అదీ బెంగళూరులో మాత్రమే. చెన్నైకి రావడానికి ఇంకో ఏడాది. హోసూరు ఫ్యాక్టరీ 2021లో. అప్పట్లో మాలాంటి డీలర్లం వీళ్ళెంత నెమ్మదో అనుకునేవాళ్ళం. ఇప్పుడు చూస్తే ఆ నెమ్మదిలో వాళ్ళు పార్టులు, సప్లయర్లు, సర్వీసు ఒక ఊళ్ళో సరిచేసుకుని రెండో ఊరికి వెళ్ళారు. బజాజ్, టీవీఎస్ ఎలక్ట్రిక్ స్కూటర్లు 2020 జనవరిలో వచ్చాయి. ఆ కంపెనీలకు సప్లయర్లు, డీలర్లు పెట్రోలు బండ్ల కాలం నుంచే ఉన్నారు. ఓలా 2021లో తమిళనాడులో 500 ఎకరాల ఫ్యాక్టరీ ప్రకటించి చాలా వేగంగా ఎదిగింది. 2024 అక్టోబర్‌కు పదివేలకు పైగా ఫిర్యాదుల మీద కేంద్ర వినియోగదారుల సంస్థ నోటీసు ఇచ్చింది. అందులో 99 శాతం పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. ఆ జవాబు సంగతి ఎలా ఉన్నా, బండ్లు పెరిగినంత వేగంగా మెకానిక్కులు పెరగరన్నది మాత్రం నేను నా షెడ్డులోనే చూశాను. ఒక కుర్రాడికి కంట్రోలర్ పని వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది.

అనుభవం ఉన్నవాళ్ళకూ గండాలు తప్పవు. 2025 ఏప్రిల్‌లో చైనా రేర్ ఎర్త్ అనే అరుదైన ఖనిజాలతో చేసే అయస్కాంతాల ఎగుమతికి ఆంక్షలు పెట్టాక, బజాజే తన ఎలక్ట్రిక్ స్కూటర్ చేతక్ ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వచ్చింది. మోటార్ లోపల ఉండే చిన్న బిళ్ళలవి. అవి లేక మొత్తం లైను ఆగుతుంది. నేను యార్డులో చూసిన డిస్‌ప్లే లాంటిదే. తేడా ఏమిటంటే, నిలదొక్కుకున్న కంపెనీ కొన్ని నెలలు తట్టుకోగలదు.

ఈ రెండు నెలల్లో రెండు కొత్త కంపెనీలు ఏజెన్సీ ఇస్తామని వచ్చాయి. ఒకళ్ళు కరీంనగర్‌లో మీటింగ్ పెట్టి మంచి కమీషన్ చెప్పారు. నేను స్పేర్ల ధరల పట్టిక అడిగాను. లేదన్నారు. కంట్రోలర్ ఎవరి దగ్గర కొంటారు, ఆయన ఇవ్వకపోతే రెండో ఆయన ఎవరు, ఇద్దరి కప్లర్ ఒకటేనా అని అడిగాను. ఆరు కొత్త రంగులు వస్తున్నాయని చెప్పారు. వద్దని వచ్చేశాను. రెండో కంపెనీ వాళ్ళు ధరల పట్టిక పంపారు, రెండు డెమో బండ్లు కూడా ఇచ్చారు. ఉగాది దాకా వాటిని నేనూ, మా కుర్రాళ్ళూ ములుగు రోడ్డులో, కాజీపేట బ్రిడ్జి మీద తిప్పుతాం. ఒక స్పేరు ఆర్డరు పెట్టి ఎన్ని రోజులకు వస్తుందో చూస్తాం. అప్పటిదాకా ఈ షాపులో కొత్త బండి అమ్మకం లేదు, సర్వీసు మాత్రమే. ఆదాయం సగానికి పైగా తగ్గింది. సేల్స్‌లో ఉన్న ఒక అబ్బాయిని వేరే చోట పనిలో పెట్టించాల్సి వచ్చింది. అది నాకు చాలా బాధగా ఉంది.

ఇక మీ బండ్ల సంగతి. కంపెనీ యాప్ లాగిన్ అవ్వడం లేదని చాలామంది చెప్పారు. తాళంతో బండి స్టార్ట్ అవుతుంది, భయపడకండి. వారంటీ ఉన్నవాళ్ళ క్లెయిములు పెడుతూనే ఉన్నాను, కానీ పార్ట్ ఎప్పుడొస్తుందో నేను మాట ఇవ్వలేను. ఎదురుచూడలేని వాళ్ళకు హైదరాబాద్ నుంచి మన బండ్లకు సరిపోయే 20 కంట్రోలర్లు, 15 ఛార్జర్లు తెప్పించి పెట్టాను. నేను కొన్న ధరకే ఇస్తాను, బిగించే కూలీ వద్దు. బిల్లు చూపిస్తాను. బ్యాటరీ ప్యాక్ మాత్రం బయట ఎవరి దగ్గరా విప్పించకండి, తక్కువకు చేస్తామన్నా వద్దు. రేంజ్, అంటే ఒక్క ఛార్జింగ్‌కు పోయే దూరం, పడిపోతే తీసుకురండి, గ్రూపుల వోల్టేజీ కొలిచి కాగితం మీద రాసిస్తాం, దానికి డబ్బులు తీసుకోం.

వైర్ల రంగుల తేడాలన్నీ మా కుర్రాళ్ళు ఒక చార్టులా రాసి షెడ్డు గోడకు అంటించారు. ఇప్పటికి నాలుగు రకాలు తేలాయి. ఛాసిస్ నంబర్ ఆఖరి ఐదు అంకెలు పంపితే మీ బండి ఏ రకమో ముందే చూసి పెడతాం, రెండుసార్లు తిరిగే పని ఉండదు.

పరకాల ఆయన బండికి తొమ్మిది పిన్నుల నుంచి ఆరు పిన్నులకు జంపర్ వైరింగ్ మేమే కట్టాం. నిన్న క్యాన్లలో నీళ్ళు నింపి, ఎనభై కిలోల బరువుతో ఆత్మకూరు దాకా పోయి వచ్చాను. కంట్రోలర్ గోరువెచ్చగా ఉంది తప్ప కాలలేదు. మంగళవారం పొద్దున పాలు పోసి రండి అన్నా, బండి రెడీగా ఉంటుంది.