క్రాస్ కంట్రీ టీమ్ సాయం: ఈ సీజన్ జమా ఖర్చులు

చందాలిచ్చిన కుటుంబాలందరికీ నమస్కారం. మన స్కూలు క్రాస్ కంట్రీ (పచ్చికలు, గుట్టల మీద దూరపు పరుగు) టీమ్ సీజన్ అయిపోయింది కాబట్టి లెక్క మీ ముందు పెడుతున్నాం.

నిరుటి మిగులు 212 డాలర్లు. 38 తెలుగు కుటుంబాల చందాలు 3,140. వినాయక చవితి స్టాల్‌లో ఇడ్లీ, పులిహోర, మిర్చి బజ్జీ అమ్మితే వచ్చింది 1,286. జమ మొత్తం 4,638 డాలర్లు. స్టాల్ సరుకులకు అయిన 374 ఖర్చు కింద రాశాం. వంటంతా ఆడవాళ్లే ఇళ్ల దగ్గర చేసుకొచ్చారు, దానికి లెక్క కట్టలేం.

పెద్ద ఖర్చు బూట్లు. ప్రాక్టీసుకి 14 జతలు, 1,190 డాలర్లు. పోటీల్లో వేసుకునే స్పైక్స్ (అడుగున చిన్న మేకులున్న బూట్లు) 7 జతలు, 420. వీటిలో సగానికి పైగా తెలుగువాళ్లు కాని పిల్లలకు వెళ్లాయి. "మన డబ్బు మన పిల్లలకే పెట్టొచ్చు కదా" అని కొందరు అడిగారు. అడగడంలో తప్పులేదు, మా జవాబు ఇదీ.

ఈ ఆటలో టీమ్ తరఫున ఏడుగురు పరిగెడతారు. మొదట వచ్చిన ఐదుగురి స్థానాలు కూడుతారు, ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లది గెలుపు. మీ అబ్బాయి అందరికంటే ముందొచ్చినా, టీమ్‌లో ఐదోవాడు బాగా వెనకబడితే టీమ్ ఓడిపోవచ్చు. ఆగస్టులో మన ఐదోవాడి కుడి బూటు అడుగు బొటనవేలి దగ్గర పూర్తిగా అరిగిపోయి, లోపలి నురుగు బయటికొచ్చింది. దానికి నల్ల టేపు చుట్టుకుని గుట్టలెక్కేవాడు. వాడికి బూట్లు కొనడమంటే మన పిల్లలకు కొనడమే. పైగా మన కాలిఫోర్నియాలో పబ్లిక్ స్కూళ్లు ఆటలకు ఫీజు వసూలు చేయకూడదని రాష్ట్ర సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది. చందా ఇష్టపూర్వకం. ఇచ్చినవాళ్ల పిల్లలకు ఒక రకం, ఇవ్వనివాళ్ల పిల్లలకు ఇంకో రకం అంటే కుదరదు, కుదరకూడదు కూడా.

అక్టోబరులో బే ఏరియా నుంచి ఫ్రెస్నో పోటీకి బస్సులో మన వాటా 960, రాత్రి బసకు నాలుగు గదులు 540. సీజన్ అంతా అరటిపళ్లు, నీళ్లు, పోటీల రోజున భోజనాలు కలిపి 418. ఎండకు వేసుకునే టెంటు 189.

ఇక మేం వేసిన తెలుగు పుస్తకం. 120 ప్రతులకు 300 డాలర్లయ్యాయి. దీన్ని దండగ అన్నవాళ్లూ ఉన్నారు, మేం మాత్రం అనుకోవడం లేదు. ఊళ్ల నుంచి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు పోటీ జరిగే ఫ్రెస్నో వుడ్‌వర్డ్ పార్కులో నిలబడి ఏం చూస్తున్నారో వాళ్లకు తెలియాలి కదా. అందులో రాసింది మెక్‌ఫార్లాండ్ హైస్కూల్ టీమ్ చరిత్ర. కెర్న్ కౌంటీలో బేకర్స్‌ఫీల్డ్‌కి ఉత్తరాన, తోటల మధ్య ఉన్న చిన్న ఊరది. అక్కడ చాలామంది మెక్సికో మూలాలున్న వ్యవసాయ కూలీల కుటుంబాలవాళ్లే. బడికి వెళ్లేముందు తెల్లారుజామున పొలం పని చేసొచ్చిన పిల్లలు ఆ టీమ్‌లో ఉన్నారు. జిమ్ వైట్ మాస్టారు 1964లో ఆ ఊరికి పాఠాలు చెప్పడానికి వచ్చి, 1980లో హైస్కూల్లో ఈ టీమ్ మొదలుపెట్టారు. పిల్లలు పరిగెడుతుంటే సైకిల్ మీద వెంట వెళ్లేవారు. 1987లో కాలిఫోర్నియా మొట్టమొదటి రాష్ట్రస్థాయి క్రాస్ కంట్రీ పోటీ ఇదే వుడ్‌వర్డ్ పార్కులో పెట్టింది. ఆ ఏడాదే మెక్‌ఫార్లాండ్ తన డివిజన్‌లో (విద్యార్థుల సంఖ్యను బట్టి చేసిన విభాగంలో) గెలిచింది. 2001 నాటికి అలాంటి టైటిళ్లు తొమ్మిది. 2015లో వచ్చిన డిస్నీ సినిమాలో టీమ్ 1987లోనే పుట్టినట్టు చూపించారు. అసలు దానికి ముందు ఏడేళ్ల కష్టముంది. సినిమా చూసి వెంటనే పతకాలు ఆశించే తల్లిదండ్రులకు ఆ ఏడేళ్లు తెలియాలనే ఈ పుస్తకం వేశాం.

మొత్తం ఖర్చు 4,391 డాలర్లు. మిగులు 247, కమిటీ బ్యాంకు ఖాతాలోనే ఉంది. బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టాం, ఎవరైనా వచ్చి చూడొచ్చు. మిగిలిన డబ్బు వచ్చే ఆగస్టులో బూట్లకే వాడాలని తీర్మానించాం. అభ్యంతరం ఉంటే ఈ నెలాఖరులోగా కోశాధికారికి చెప్పండి. పుస్తకాలు ఇంకా 20 దాకా ఉన్నాయి, కావలసినవాళ్లు అడిగి తీసుకోవచ్చు.