ఆదివారం గర్భిణుల పేర్లు రాయిద్దాం

అక్కలూ, చెల్లెళ్లూ, నమస్తే!

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు కమ్యూనిటీ హాల్లో కలుద్దాం. బస్తీలో గర్భంతో ఉన్న అందరి పేర్లూ ఉచిత కాన్పు సేవలకు రాయిద్దాం.

"ఉచితమే కదా, తర్వాత వెళ్లొచ్చులే" అని ఏడో నెల దాకా ఆగేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అలా ఆగొద్దు. మొదటి పరీక్ష 12 వారాల్లోపే జరగాలి. కాన్పులోపు కనీసం 8 సార్లు చూపించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచీ చెబుతోంది. బీపీ పెరిగినా, రక్తం తగ్గినా ముందే బయటపడేది ఆ పరీక్షల్లోనే.

డబ్బు అడగరని తెలిసినా, ఆ రోజు కూలి పోతుందనో, ఆసుపత్రిలో కసురుకుంటారనో వెనకాడుతున్నారు. ఆ భయం నాకు తెలుసు. అందుకే ఎవరినీ ఒంటరిగా పంపం, తోడు వెళ్దాం. ఆసుపత్రికి వెళ్లడానికి మీకు ఏ రోజు వీలో శనివారంలోపు ఇక్కడే రాయండి. కాగితాలు లేనివాళ్లూ రండి, ఏం చేయాలో కలిసి చూద్దాం.

రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం... ఏది కనిపించినా ఆదివారం దాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పాత చీటీలు, వాడుతున్న మాత్రలు వెంట తేవడం మర్చిపోకండి. ఫోన్ లేని పక్కింటి ఆమెకు మీరే చెప్పండి.